నాన్నమ్మ ఏదని అడిగే బిడ్డకు ఏం చెప్పాలి?

ప్రశ్న: మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. నాలుగేళ్ళ బాబు, ఎనిమిది నెలల పాప ఉన్నారు. మా ఆయన విశాఖపట్నంలో ఒక గోదాములో పని చేస్తూ నెలకొకసారి వస్తారు. మొన్న మే నెలలో ఇంట్లో అందరికీ కరోనా వచ్చింది. మా అత్తగారిని అంబులెన్సులో తీసుకెళ్ళారు, ఆమె తిరిగి రాలేదు. బాబును పుట్టినప్పటి నుంచి పెంచింది ఆమే. వాడికి 'నాన్నమ్మ ఊరెళ్ళింది' అని చెప్పాం. ఇప్పుడు వాడు మళ్ళీ పక్క తడుపుతున్నాడు. నన్ను వంటింట్లోకి కూడా వెళ్ళనివ్వడు. బొమ్మను పీట మీద పడుకోబెట్టి రోజంతా అంబులెన్సు ఆట ఆడుతున్నాడు. అది అశుభమని మామగారు కసురుతున్నారు. ఆయన కొమ్ముతో బొమ్మలు చేసేవారు, ఇప్పుడు ఆ పనీ మానేశారు. పాపకు ఏప్రిల్‌లో వేయించాల్సిన టీకా వాయిదా పడింది. అంగన్‌వాడీ మూసే ఉంది. మా అమ్మ పక్కనే ఆంధ్రలోని పాతపట్నంలోనే ఉన్నా, పక్షవాతంతో ఉన్న నాన్నను వదిలి రాలేదు. మూడో వేవ్ పిల్లలకే వస్తుందంటున్నారు. మొన్న పక్క తడిపాడని వాడిని కొట్టాను, తరువాత ఇద్దరం ఏడ్చాం. ఆ దెబ్బ వాడి మనసులో ఉండిపోతుందా? నాకు ఏ పనీ చేయబుద్ధి కావడం లేదు. (ఒక తల్లి, ఆగస్టు 2021)

సమాధానం:

అమ్మా,

మీరు అడిగినవన్నీ బిడ్డల గురించే. మీ గురించి రాసింది చివర ఒకే ఒక్క వాక్యం, అదీ ఉత్తరం ముగించబోతూ నోరు జారినట్టుగా ఉంది. నేను అక్కడి నుంచే మొదలుపెడతాను. ఈ వయసు పిల్లలకు ఎవరు ఏ మేలు చేయదలచినా అది వాళ్ళను సాకే మనిషి చేతుల మీదుగానే వాళ్ళకు చేరుతుంది కాబట్టి, మీ ఆరోగ్యం మీ పిల్లల ప్రశ్నకు బయటి విషయం కాదు. మే నెలలో మీరు పోగొట్టుకున్నది అత్తగారిని మాత్రమే కాదు. బాబుకు నీళ్ళు పోసే మనిషిని, పాపను ఎత్తుకుని మిమ్మల్ని ఒక గంట నిద్రపోనిచ్చే మనిషిని, మధ్యాహ్నం పూట మాట్లాడుకునే తోడును కూడా పోగొట్టుకున్నారు. ఆమె చేసే పనంతా మీ మీద పడింది, ఆమె కోసం దుఃఖపడే తీరిక మాత్రం మీకు దొరకలేదు. పైగా మీరూ అదే జబ్బు పడి లేచినవారు.

ఏ పనీ చేయబుద్ధి కాకపోవడాన్ని దయచేసి బద్ధకం అనుకోవద్దు. ఆ స్థితి రెండు వారాలకు మించి ఉంటే, పాప నిద్రపోయినా మీకు నిద్ర పట్టకపోతుంటే, తిండి సయించకపోతే, ఇదివరకు ఇష్టమైనవేవీ ఇష్టంగా తోచకపోతే, అది కుంగుబాటు కావచ్చు. కాన్పయిన ఏడాదిలోపు తల్లులకు అది రావడం అరుదు కాదు, అది నయమయ్యే జబ్బు కూడా. పాకిస్తాన్‌లోని రావల్పిండి ప్రాంతపు పల్లెల్లో జరిపి 2008లో ప్రచురించిన ఒక పరిశోధనలో, మన ఆశా దీదీల వంటి గ్రామ ఆరోగ్య కార్యకర్తలకే కొంత శిక్షణ ఇచ్చి, కుంగుబాటుతో ఉన్న గర్భిణుల ఇళ్ళకు పంపారు. బిడ్డకు ఆరు నెలలు వచ్చేసరికి వారు పలకరించి ధైర్యం చెప్పిన తల్లుల్లో నూటికి 23 మందిలో మాత్రమే కుంగుబాటు మిగిలింది. శిక్షణ లేని కార్యకర్తలు వచ్చి వెళ్ళిన ఇళ్ళలో అది నూటికి 53 మందిలో ఉంది. మన ఒడిశాలోని కెందుఝర్‌లోనూ జార్ఖండ్‌లోని రెండు జిల్లాల్లోనూ పల్లె స్త్రీలు నెలనెలా ఒకచోట కూర్చుని కాన్పుల కష్టాలు, పసిబిడ్డల కష్టాలు చెప్పుకుని దారులు వెతుక్కున్న చోట, మూడో ఏడాదికి తల్లుల్లో ఒక మోస్తరు కుంగుబాటు సగానికి పైగా తగ్గిందని 2010లో తేలింది. ఈ రెండు చోట్లా పెద్ద డాక్టర్లెవరూ రాలేదు. పక్కన కూర్చుని వినే మనిషి దొరికింది, అంతే.

కాబట్టి మీరు మొదట చేయవలసిన పని ఇది. ఈసారి ఆశా దీదీ వచ్చినప్పుడు పాప సంగతితో పాటు, "నాకూ బాగాలేదు" అని ఆమెకు స్పష్టంగా చెప్పండి. ఎదురుగా చెప్పడానికి బిడియంగా ఉంటే, కేంద్ర ప్రభుత్వపు ఉచిత మానసిక ఆరోగ్య ఫోన్ సేవలో తెలుగులోనే మాట్లాడవచ్చు (2021లో అది 'కిరణ్', 1800-599-0019; ఇప్పుడు 'టెలి-మానస్', 14416). చచ్చిపోవాలనో, పిల్లలను వదిలి ఎటైనా వెళ్ళిపోవాలనో ఒక్కసారి అనిపించినా, మీ ఆయన వచ్చేదాకా ఆగకుండా ఆ రోజే మామగారికి చెప్పి మీ ఊళ్ళోని జిల్లా ఆసుపత్రికి వెళ్ళండి. ఇక మీ అమ్మగారి సంగతి. మహేంద్రతనయ నది ఒడ్డున పక్కపక్కనే ఉన్న పర్లాకిమిడికీ పాతపట్నానికీ మధ్య రాష్ట్రాల గీత ఒకటి ఉందని మనవాళ్ళకు నిరుడు లాక్‌డౌన్‌లో రాకపోకలు ఆగినప్పుడే మొదటిసారి గట్టిగా తెలిసింది. అమ్మగారు రాలేకపోయినా ఫోను వస్తుంది కదా. రోజూ ఒకే వేళకు, సాయంత్రం నాలుగింటికి అనుకోండి, అమ్మమ్మ బాబుకు ఫోనులో ఒక కథ చెప్పాలి. పాప పడుకుని ఉంటే ఆ అరగంట మీరూ నడుం వాల్చాలి, అంట్లు ఆగుతాయి. ఏకాదశి ఉపవాసం తప్పనివారు ఉన్నట్టే, ఈ అరగంట తప్పకూడదని పెట్టుకోండి.

ఇక బాబు సంగతి. "నాన్నమ్మ ఊరెళ్ళింది" అన్నది వాడిని కాపాడాలని చెప్పిన మాటే. అయితే నాలుగేళ్ళవాడి లెక్కలో ఊరెళ్ళినవాళ్ళు తిరిగి వస్తారు. వాళ్ళ నాన్న నెలనెలా విశాఖ నుంచి వస్తూనే ఉన్నాడు. మూడు నెలలైనా రాని నాన్నమ్మ అయితే తనను వద్దనుకుని ఉండాలి, లేకపోతే తాను చేసిన ఏదో అల్లరికి అలిగి ఉండాలి. చావంటే తిరిగి రాకపోవడమని, అది అందరికీ ఉన్నదేనని పిల్లలకు సాధారణంగా ఐదు నుంచి ఏడేళ్ళ మధ్య తెలిసివస్తుంది. అంతకు ముందు వయసులో, ఇంట్లో ఏం జరిగినా దానికి తామే కారణమనుకోవడం వాళ్ళ స్వభావం. పైగా వాడు అంబులెన్సును కళ్ళారా చూశాడు, ఒళ్ళంతా తొడుగులు వేసుకున్న మనుషులను చూశాడు, తరువాత ఇంట్లో అందరూ గుసగుసగా మాట్లాడుకోవడం చూశాడు. తాను చూసినదానికీ మీరు చెప్పినదానికీ పొసగడం లేదని వాడికి తెలుసు. మీరు వంటింట్లోకి వెళితే ఏడుస్తున్నాడంటే, అమ్మ కూడా చెప్పకుండా ఊరెళ్ళిపోతుందేమోనన్న భయమే అందుకు కారణమని నాకు అనిపిస్తోంది.

నిజం చెప్పండి. మీ ఆయన ఈసారి ఇంటికి వచ్చినప్పుడు, పగటి పూట, కడుపు నిండి ఉన్న వేళ, వాడిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని తండ్రే చెబితే మంచిది. మీరూ మామగారూ పక్కన ఉండండి. మాటలు చిన్నవిగా ఉండాలి. "నాన్నమ్మకు చాలా పెద్ద జబ్బు చేసింది. డాక్టర్లు మందులు ఇచ్చారు, అయినా తగ్గలేదు. నాన్నమ్మ చనిపోయింది. చనిపోయినవాళ్ళకు ఆకలి వేయదు, నొప్పి ఉండదు, వాళ్ళు మళ్ళీ లేచి రాలేరు. నువ్వు అల్లరి చేసినందుకు కాదు. నాన్నమ్మకు నువ్వంటే చాలా ఇష్టం. మొన్న అమ్మకూ జ్వరం వచ్చింది, తగ్గిపోయింది." ఇంతే చాలు. "నిద్రపోయింది" అని మాత్రం అనవద్దు, అలా విన్న పిల్లలు కొందరు రాత్రి కళ్ళు మూయడానికి భయపడతారు. "ఆసుపత్రికి తీసుకెళ్ళారు, అందుకే రాలేదు" అన్నట్టు కూడా వినిపించకూడదు, రేపు వాడికి జ్వరం వస్తే వెళ్ళవలసింది ఆ ఆసుపత్రికే. దేవుడి దగ్గర ఉందని మీ ఇంట్లో నమ్మకం ఉంటే ఆ మాటా చెప్పవచ్చు, కానీ చనిపోయిందన్న మాట ముందు చెప్పిన తరువాతే చెప్పండి. వాడు విని వెంటనే బిస్కెట్టు అడిగి ఆడుకోవడానికి వెళ్ళిపోవచ్చు. అర్థం కాలేదనుకోకండి, పసివాళ్ళు దుఃఖాన్ని గుక్కలు గుక్కలుగా తాగుతారు. మర్నాడు మళ్ళీ అడుగుతాడు, ఇరవై సార్లు అడుగుతాడు, ఇరవై సార్లూ అదే జవాబు చెప్పాలి. చెబుతుండగా మీకు ఏడుపు వస్తే ఆపుకోనక్కరలేదు. "నాన్నమ్మ గుర్తొచ్చింది, అందుకే ఏడుస్తున్నాను, కాసేపట్లో తగ్గుతుంది" అని చెప్పి, తగ్గిన తరువాత వాడికి కనబడండి.

కరోనా రోజుల్లో ఎన్నో ఇళ్ళలో జరిగినట్టే మీ ఇంట్లోనూ ఆమెకు జరగవలసిన కర్మలు నలుగురి మధ్యా జరిగి ఉండవు. ఆ లోటు పెద్దలనే కాదు, పిల్లలనూ బాధిస్తుంది. ఇకమీద వచ్చే మాసికాల నాడు వాడి చేత ఆమె పటానికి ఒక పువ్వు పెట్టించండి, ఆమె ఏం వండితే వాడికి ఇష్టమో అది వండి, "ఇది నాన్నమ్మ చేసే పులుసు" అని చెప్పి పెట్టండి.

అంబులెన్సు ఆట దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, మీ ఉత్తరంలో ఇంటిల్లిపాదీ అపార్థం చేసుకున్నది దాన్నే. రెండో ప్రపంచ యుద్ధంలో లండన్ మీద బాంబులు పడుతున్న కాలంలో అన్నా ఫ్రాయిడ్, డొరొతీ బర్లింగ్‌హామ్ అనే ఇద్దరు హాంప్‌స్టెడ్ అనే పేటలో ఇల్లు చెదిరిన పసిపిల్లల కోసం నర్సరీలు నడిపారు. బాంబుల కంటే, సాకే మనిషి నుంచి విడిపోవడమే పిల్లలను ఎక్కువగా దెబ్బతీస్తోందని వాళ్ళు గమనించి రాశారు. అక్కడ నాలుగేళ్ళ పిల్లవాడొకడు ఉండేవాడు. తండ్రి బాంబు దాడిలో చనిపోయాడు, తల్లి ఆసుపత్రిలో ఉంది. వాడు కాగితపు ఇళ్ళు కట్టి, వాటి మీద గోళీలు బాంబుల్లా వేసి కూల్చడం, లోపలి మనుషులందరూ ప్రతిసారీ బతికి బయటపడడం, మళ్ళీ ఇళ్ళు కట్టడం, మళ్ళీ కూల్చడం, ఇదే ఆటను నెలల తరబడి ఆడాడు. నాన్న చనిపోయాడు, ఇక రాడు అన్న మాట వాడు తన నోటితో చెప్పగలిగిన తరువాతే ఆ ఆట ఆగింది.

మీ బాబు పీట మీద బొమ్మను పడుకోబెట్టి చేస్తున్నదీ అదే పని. వాడికి మాటలు లేవు, ఆట ఉంది. అది అశుభం కాదని మామగారికి నా మాటగా చెప్పండి. కసిరితే ఆట ఆగవచ్చు, కానీ లోపలి భయం ఆగదు, అది పక్క తడపడంగానో నిద్రలో కేకలుగానో బయటికి వస్తుంది. మీరు వీలైనప్పుడు వాడి పక్కన నేల మీద కూర్చుని, "ఈ బొమ్మకు ఏమైంది? అంబులెన్సులో ఒక్కతే వెళుతోందా? దానికి భయం వేస్తోందా?" అని అడగండి. జవాబు మీరు చెప్పకండి. ఒకరోజు బొమ్మ ఇంటికి తిరిగి వస్తుంది, మరొకరోజు రాదు. రానిరోజు, "ఈ బొమ్మ నాన్నమ్మలాగే చనిపోయిందా?" అని మెల్లగా అనండి. ఆ ఆట నెలల తరబడి ఒక్క మార్పూ లేకుండా సాగుతూ, వాడు తిండీ నిద్రా మానేస్తే మాత్రం పిల్లల వైద్యులకు చూపించాలి.

పక్క తడపడం కావాలని చేసేది కాదు. మనసుకు దెబ్బ తగిలినప్పుడు చిన్నపిల్లలు కొత్తగా నేర్చుకున్నదాన్ని ముందు పోగొట్టుకుంటారు. పడుకునే ముందు బయటికి తీసుకెళ్ళండి, పరుపు మీద రబ్బరు గుడ్డ వేయండి, తడిపిన రాత్రి మాట లేకుండా బట్టలు మార్చి పడుకోబెట్టండి. మూత్రం పోసేటప్పుడు మంట అన్నా, జ్వరం ఉన్నా, పగలంతా విపరీతంగా దాహం వేస్తున్నా పరీక్ష చేయించాలి. మీ వెంటపడి ఏడుస్తున్నప్పుడు కళ్ళుగప్పి తప్పించుకుని వెళ్ళకండి. "పప్పు తాలింపు వేసి వస్తాను, ఈలోగా నువ్వు ఈ గిన్నెలు లెక్కపెట్టు" అని చెప్పి వెళ్ళి, చెప్పినట్టే రండి. వెళ్ళినవాళ్ళు వస్తారన్న నమ్మకం వాడికి అలాంటి చిన్న రాకపోకలతోనే తిరిగి ఏర్పడాలి.

అంగన్‌వాడీలు 2020 మార్చిలో మూతపడినప్పటి నుంచి ఇంటి దగ్గరే పిల్లల చేత చేయించే పనులను ఒడిశా ప్రభుత్వం 'ఘరె ఘరె అరుణిమ' పేరుతో క్యాలెండరుగా తల్లిదండ్రులకు పంపిస్తోంది. అది ఒడియాలో ఉంటుంది. అందులోని ఆటలు అంగన్‌వాడీ దీదీని అడిగి తెలుసుకోండి, ఆడించేటప్పుడు మాత్రం మీ ఇంటి తెలుగులోనే ఆడించండి. వాడు ఒడియా తరువాత ఎలాగూ నేర్చుకుంటాడు. గిడుగు రామమూర్తి పంతులుగారు మీ పర్లాకిమిడి బడిలో పాఠాలు చెబుతూనే సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ళ భాషలోనే చదువు చెప్పించడానికి సొంత డబ్బుతో బడులు నడిపించారు; తల్లిభాష విలువ మీ ఊరికి మరొకరు చెప్పనక్కరలేదు. ఖరీదైన బొమ్మలూ అవసరం లేదు. జమైకాలోని కింగ్‌స్టన్ పేదవాడల్లో 1980లలో ఎదుగుదల తగ్గిన పసిపిల్లల ఇళ్ళకు ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్ళ పాటు వారానికి ఒక గంట వెళ్ళి, ఇంట్లో దొరికే వస్తువులతో బిడ్డను ఎలా ఆడించాలో, ఎలా మాట్లాడించాలో తల్లులకు చూపించారు. ఆ పిల్లలు ఇరవై ఏళ్ళ తరువాత, అటువంటి తోడ్పాటు అందని పిల్లలకంటే సుమారు 25 శాతం ఎక్కువ సంపాదిస్తున్నట్టు తేలింది. పాపకు స్నానం చేయిస్తూ చేతులకూ కాళ్ళకూ పేర్లు చెప్పడం, బాబు చేత చిక్కుడుకాయలు వలిపించడం ఆ కోవలోవే.

మామగారికి బాబు అవసరం ఉంది, బాబుకు ఆయన అవసరం ఉంది. యాభై ఏళ్ళ సహచరిని పోగొట్టుకున్న మగవాళ్ళు మన ఇళ్ళలో ఏడవరు, కసురుతారు. రంపం, ఆకురాయి మనవడికి అందకుండా పైన పెట్టి, ఆయన్ని మళ్ళీ ఒక చిన్న కొమ్ము కొంగనో చేపనో చేయమనండి. అది తయారయ్యే వరకు వాడు రోజూ కాసేపు దూరంగా కూర్చుని చూస్తాడు. అడుగుతూ ఉంటాడు, ఆయన చెబుతూ ఉంటారు. గత నెలలో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం, కరోనా వల్ల పెంచే మనిషిని పోగొట్టుకున్న పిల్లలను లెక్కిస్తూ తల్లిదండ్రులతో పాటు తాతయ్యలనూ నాన్నమ్మలనూ కూడా లెక్కలోకి తీసుకుంది. 2021 ఏప్రిల్ దాకా ప్రపంచంలో అటువంటి పిల్లలు 15 లక్షలకు పైగా ఉన్నారని తేల్చింది. మీ బాబు దుఃఖం అంత పెద్దదేనని మీ ఇంట్లో పెద్దలు కూడా గుర్తించాలని ఈ మాట చెబుతున్నాను.

పాప విషయంలో ఆలస్యం చేయవద్దు. 14వ వారపు విడత తప్పితే మొదటి నుంచి వేయించనక్కరలేదు, ఆగిన చోటు నుంచే కొనసాగిస్తారు. ఈ నెల మమతా దివస్ (ఊళ్ళో తల్లీబిడ్డలకు టీకాలు వేసే రోజు) నాడే కార్డు పట్టుకుని వెళ్ళండి. తొమ్మిది నెలలు నిండగానే తట్టు, రుబెల్లా టీకా, విటమిన్ ఎ చుక్కలు ఉంటాయి. నిరుడు ప్రపంచవ్యాప్తంగా 2 కోట్ల 30 లక్షల మంది పసిపిల్లలకు మామూలు టీకాలు అందలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ గత నెలలో చెప్పాయి. కరోనా వెళ్ళి తట్టు వస్తే మనకు ఒరిగేదేమీ లేదు. మీ పాలు ఆపవద్దు. వాటితో పాటు మెత్తగా మెదిపిన పప్పన్నం, చోడి జావ, ఉడికించిన గుడ్డు రోజుకు రెండు మూడు సార్లు పెట్టండి. పాప వాటాకు రావలసిన ఛతువా (అంగన్‌వాడీ ఇచ్చే పోషకాహారపు పిండి) ప్యాకెట్లు ఇంటికే అందించాలి, అందకపోతే అంగన్‌వాడీ దీదీని అడగండి. పాలిచ్చే తల్లులు కరోనా టీకా వేయించుకోవచ్చని కేంద్రం మే 19న ప్రకటించింది. జబ్బు తగ్గాక మూడు నెలలు ఆగమన్నారు, మీకు ఆ గడువు నిండుతోంది కాబట్టి మీరూ మామగారూ వేయించుకోండి. మూడో వేవ్ ప్రత్యేకంగా పిల్లలనే పట్టుకుంటుందనడానికి ఆధారం లేదని పిల్లల వైద్యుల జాతీయ సంఘం చెప్పింది. జూన్, జూలై నెలల్లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) జరిపిన రక్తపరీక్షల్లో ఆరు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లల్లోనే నూటికి 57 మందికి అప్పటికే ఆ వైరస్ సోకి ఉన్నట్టు కనబడింది, వారిలో చాలామందికి పెద్ద జబ్బేమీ చేయలేదు. ఐదేళ్ళలోపు పిల్లలకు మాస్కు అక్కరలేదు. డొక్కలు ఎగరేస్తూ ఊపిరి తీసినా, పాలు తాగలేకపోయినా, మత్తుగా పడి ఉన్నా, ఫిట్స్ వచ్చినా మాత్రం వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

ఆ దెబ్బ గురించి అడిగారు. కొట్టడం సరికాదని మీకు తెలుసు, తెలుసు కాబట్టే ఏడ్చారు. అయితే ఒక దెబ్బతో బిడ్డ మనసు విరిగిపోదు. ఎడ్వర్డ్ ట్రానిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1970లలో తల్లులను తమ పసిబిడ్డల ఎదుట రెండు మూడు నిమిషాల పాటు ఏ భావమూ లేని ముఖంతో కూర్చోమన్నాడు. బిడ్డలు నవ్వి చూశారు, చేతులు చాచారు, చివరికి తల తిప్పుకుని ఏడ్చారు. తల్లి మళ్ళీ మామూలుగా పలకరించగానే కొంత తడబడి తిరిగి ఆమెతో కలిశారు. ఆరోగ్యంగా ఉన్న తల్లీబిడ్డలు కూడా ఒకరికొకరు సరిగ్గా కుదిరి ఉండేది సుమారు మూడో వంతు సమయమేనని, మిగతాదంతా తప్పడం, సరిచేసుకోవడమేనని ఆయన తరువాతి పరిశీలనల్లో తేలింది. మీరూ సరిచేసుకోండి. ఇవాళే, పక్కన కూర్చోబెట్టుకుని, "మొన్న నిన్ను కొట్టాను, అది నా తప్పు. నువ్వు పక్క తడిపినందుకు కాదు, అమ్మ బాగా అలిసిపోయి కోపం పట్టలేకపోయింది. ఇకమీద కోపం వస్తే వాకిట్లోకి వెళ్ళి నీళ్ళు తాగి వస్తాను" అని చెప్పండి. మళ్ళీ కోపం వచ్చినరోజు పాపను చాప మీద వేసి, వాడు చూస్తుండగానే వాకిట్లోకి వెళ్ళి, నీళ్ళు తాగి, లోపలికి రండి.